కుమ్ తీసేసిన మూడు లైన్లు

"దేవదూత బతికే ఉన్నాడు అత్తయ్యా. బతికున్నవాడి పేరు మీద గోధుమలు ఉడకబెట్టడమేమిటి?" అంది బిల్యానా. పొద్దున్నుంచి ఈ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తు లేదు.

దేసాంకా స్టూలు మీద కూర్చుని వాల్‌నట్లు పగలగొడుతోంది. "ఇన్నేళ్ళూ ఉడకబెడుతూనే ఉన్నాం. ఆయనకేం జ్వరం రాలేదే."

"నాకు చెప్పింది మీరే. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఏడు గిన్నెడు వండి తెస్తే, మన ఇంటి పండుగ స్లావా మిఖాయిల్ దేవదూతది, ఆయన చచ్చిందీ లేదు పాతిపెట్టిందీ లేదు, మన ఇంట్లో గోధుమ ప్రసాదం ఉండదు అని మొత్తం పావురాలకి వేయించారు."

"అప్పుడు కుమ్ అడగలేదు. తర్వాత అడిగాడు. వాళ్ళింట్లో పండుగ చనిపోయిన సాధువు నికోలాది, గోధుమలు నోట్లో వేసుకోనిదే వాళ్ళకి పండుగలా ఉండదు. మీ పెళ్ళికి పక్కన నిలబడి సాక్షి అయినవాడు నోరు తెరిచి అడిగితే కాదంటామా?"

"అంటే కుమ్ నోటి రుచి కోసం దేవదూతని చంపేశాం."

బాల్కనీలో పండుగ బల్లలు తుడుస్తున్న నెబోయ్షా లోపలికి తల పెట్టాడు. "మీ ఇద్దరిలో ఎవరో ఒకళ్ళు త్వరగా ఓడిపోండి. నాకు కాఫీ కావాలి."

"ముందు ఆ తలుపు ముయ్యరా. గాలి కోసేస్తోంది. రేపు నా మెడ పట్టేస్తే నువ్వు తిప్పుతావా?" అని కొడుకుని కసిరి, దేసాంకా మళ్ళీ కోడలి వైపు తిరిగింది. "అసలే ఒంట్లో బాగా లేదు. బీపీ మాత్రలు అయిపోయాయి. ఫార్మసీకి ఎప్పుడు వెళ్ళినా నెట్ లైను లేదు, తర్వాత రండి అంటుంది అక్కడి ల్యూబింకా. లైను లేనిదే డాక్టరు రాసిన చీటీ కంప్యూటర్లో కనబడదట. ఆ గోడ మీది పెట్టె ఎర్ర దీపం వేసుకుని కూర్చుంది. కుమ్‌కి ఓ ఫోన్ చెయ్యి అమ్మాయ్. అలాంటివి ఆయనకే తెలుసు."

క్యాబేజీ ఆకు ఈనె తీస్తున్న బిల్యానా చెయ్యి ఆగింది.

"అవును. ఆయనకే తెలుసు" అంది.

ఆ పెట్టె ఎందుకు ఆగిపోతోందో ఆమెకి సోమవారం నుంచీ తెలుసు. ఎవరి వల్ల ఆగిపోతోందో కూడా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఊరగాయ జాడీలో పెట్టినట్టు లోపల పెట్టుకుని, మూత తీసి చూసుకుంటూ, మళ్ళీ మూసి తిరుగుతోంది. స్లావా రోజు దాకా ఆగాలని ఆమె అనుకుంది. ఆ రోజున ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్ళని ఎవరూ పొమ్మనరు. కుమ్ వొయిన్ తప్పకుండా వస్తాడు. అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో కూర్చుంటాడు.

అతను ఆమెని నవ్వులపాలు చేసిన మాట అన్నది కూడా ఆ కుర్చీలోంచే.

అప్పట్లో బిల్యానా, వొయిన్ ఒకే కంపెనీలో పని చేసేవాళ్ళు. దుకాణాలకీ బస్సులకీ నెట్ అందించే చిన్న రౌటర్ పెట్టెలు చేసే కంపెనీ. ఆ పెట్టెల్లో ఉండే ఆపరేటింగ్ సిస్టం ఎవరి సొంతమూ కాదు. ప్రపంచంలో చాలామంది కలిసి రాసుకునేది. ఎవరు ఏ మార్పు పంపినా అందరూ చూస్తారు. ఒక్కో భాగానికీ ఒక కాపలాదారు ఉంటాడు. అతను సంతకం పెడితేనే మార్పు లోపలికి వెళ్తుంది. సమాచారం ముక్కలు, అంటే పాకెట్లు, దారి వెతుక్కునే భాగానికి అప్పుడే వొయిన్ కాపలాదారు అయ్యాడు. అంతకు ముందే బిల్యానా రాసిన మూడు లైన్లు ఆ భాగంలో ఉన్నాయి.

ఆ లైన్లు చేసే పని చిన్నది. రౌటరు కొన్ని పాకెట్లని సొరంగంలోంచి పంపుతుంది. అంటే పాకెట్టుకి పైన ఇంకో కవరు చుట్టి, ఆ కవరు మీద కొత్త చిరునామా రాసి పంపుతుంది. చుట్టిన కవరు మళ్ళీ దారి అడుగుతుంది. మామూలుగా దారుల పట్టిక బయటి లైను చూపిస్తుంది. ఆ లైను తెగితే మాత్రం పట్టికలో మిగిలే దారి సొరంగం ఒక్కటే. ఇప్పుడే ఆ సొరంగం గుమ్మంలోంచి వచ్చావు, మళ్ళీ అందులోకే వెళ్ళకు అని ఆపేవి ఆ మూడు లైన్లు.

ఆ ఏడు స్లావా రోజు ఇల్లు నిండా జనం. నెబోయ్షా మేనమామ, పక్కింటివాళ్ళు, కంపెనీ మేనేజరు కూడా ఉన్నారు. వొయిన్ పళ్ళ సారా, రాకియా గ్లాసు పట్టుకుని, బిల్యానాని చూపిస్తూ లేచాడు. "మా కుమా ఏం చేసిందో తెలుసా? నిక్షేపంలాంటి గోడకి గుంజ పోటు పెట్టింది. ఎందుకమ్మా అంటే, కూలుతుందేమోనని భయమట! ఈ రాత్రి ఇంటికెళ్ళి ఆ గుంజ పీకేస్తాను. కూలుతుందేమో చూద్దాం" అన్నాడు. గదంతా నవ్వింది. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నెబోయ్షా కూడా నవ్వాడు. బిల్యానా చేతుల్లో క్యాబేజీ ఆకుల్లో చుట్టి వండిన సార్మా పళ్ళెం ఉంది. ఆమె దాన్ని దించలేదు, మోస్తూనే నిలబడింది.

వొయిన్ అన్నంత పనీ చేశాడు. ఆ రాత్రే, ఆమె ఇంటి రాకియా కడుపులో ఉండగానే, మూడు లైన్లూ తీసేసి, ఇంకెవరికీ చూపించకుండా తన సంతకం తనే పెట్టుకున్నాడు. కింద ఒక వాక్యం రాశాడు: "అనవసరమైన పరీక్ష. రాసినవారికి పాకెట్ దారి ఎలా వెతుక్కుంటుందో తెలిసినట్టు లేదు."

అక్కడ రాసింది చెరగదు. బిల్యానా పేరు పెట్టి ఎవరు వెతికినా ముందు ఆ వాక్యమే వచ్చేది. మేనేజరు ఆమెని కోడ్ రాసే పని నుంచి తీసి పరీక్షలు చేసే గదికి పంపాడు. వేరే కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నిండా ఇరవై ఐదేళ్ళు లేని కుర్రాడొకడు ఆ వాక్యం చదివి వినిపించి, దీని మీద మీరేమంటారు అన్నాడు. ఆమె సంచీ తీసుకుని లేచింది. ఇంటికొచ్చి కిటికీ తెరలన్నీ ఉతికింది. తర్వాత ప్రతి స్లావాకీ మేనమామ అదే మాట అడుగుతాడు, "ఏం కుమ్, ఈ ఏడు ఏ గుంజ పీకావు?" అని. అందరూ నవ్వుతారు. ఆమె సార్మా వడ్డిస్తుంది.

సోమవారం పరీక్షల గదిలో, ఈమధ్యే కొత్త కోడ్ ఎక్కించిన పెట్టెలు చాలా చోట్ల బిగుసుకుపోతున్నాయన్న ఫిర్యాదు మీద బిల్యానా ఒక పెట్టె బిగించి, బయటి లైను పీకి చూసింది. పాకెట్ సొరంగంలోకి వెళ్ళి కవరు చుట్టించుకుని బయటికొచ్చింది. దారి అడిగింది. పట్టిక సొరంగం వైపే చూపించింది. ఇంకో కవరు, ఇంకో కవరు. ఉల్లిపాయలా పొర మీద పొర చుట్టుకుని, చివరికి పెట్టె ఊపిరాడక ఆగిపోయింది. ఎర్ర దీపం వెలిగింది. బిల్యానా పైకే నవ్వింది. పక్క బల్ల దగ్గరి అమ్మాయి, "ఏమైంది బిల్యానా గారూ, బాగుపడిందా?" అని అడిగింది.

"కూలింది" అంది బిల్యానా.

ఆ కోడ్ రాసేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. తప్పు సరిదిద్దేవాళ్ళు, ఆ తప్పు ఏ పాత మార్పు వల్ల వచ్చిందో కింద ఒక లైనులో చెప్పాలి. ఆ పాత మార్పు చేసినవాడికి ఒక ప్రతి వెళ్తుంది. అది కక్ష కోసం పెట్టిన ఆచారం కాదు, తర్వాత చదివేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టింది. కానీ బిల్యానాకి దాన్ని మించిన కత్తి దొరకదు. పైగా ఆ భాగానికి కాపలాదారు ఇప్పటికీ వొయినే. తన తప్పు రాసి ఉన్న కాగితం మీద తనే సంతకం పెట్టాలి.

మొదట ఆమె పెద్ద సవరణే రాసింది. వివరణలో అతని పాత వాక్యాన్ని అతనికే తిప్పి కొట్టింది. చదువుకుంటే నోట్లో చక్కెర వేసుకున్నట్టుంది. మర్నాడు మళ్ళీ చదివి అంతా చెరిపేసింది. తన పాత మూడు లైన్లనే, అక్షరం మార్చకుండా, ఉన్న చోటే తిరిగి పెట్టింది. "తీసేసిన పరీక్షని తిరిగి పెట్టడం" అని మాత్రం రాసి, కింద ఆచారం ప్రకారం ఆ ఒక్క లైను చేర్చింది. కోపంగా రాస్తే కోపం అంటారు. ఇలా రాస్తే ఏమంటారు? స్లావా రోజు అతను పండుగ రొట్టె విరవడానికి పట్టుకున్న క్షణంలో పంపించాలి, జేబులో ఫోన్ మోగాలి అనుకుంది.

గోధుమల గొడవ తేలని ఆ శనివారం ఆమె అత్తగారికి తోడుగా ఫార్మసీకి వెళ్ళింది. వరస గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది. ల్యూబింకా చేతులు జోడించినంత పని చేస్తోంది. "ఇప్పుడే వచ్చింది, ఇప్పుడే పోయింది. నా చేతిలో ఏముందండీ?" గోడ మీద బిల్యానా వాళ్ళ కంపెనీ పెట్టె. ఎర్ర దీపం.

ముందున్న ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. "మా ఆవిడకి సూది మందు. నిన్న కూడా వచ్చాను తల్లీ. ఇలాంటివి చేసేవాళ్ళకి పని రాదో, బుద్ధి లేదో" అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"మా కుమ్‌కి చెప్తామండీ, ఆయన చిటికెలో చేస్తాడు" అంది దేసాంకా ధైర్యం చెబుతూ.

బిల్యానాకి చెవులు కాలాయి. ఆ ముసలాయన మాట వొయిన్‌కి తగలాల్సింది, తనకి తగిలింది. నిజానికి తనకి కూడా తగలాల్సిందే. మందు తన దగ్గర పెట్టుకుని పండుగ కోసం చూస్తోంది తనే కదా. ఆమె వీధిలోకి వచ్చి, ఆఫీసుకి నడిచి వెళ్ళి, సవరణ పంపేసింది. ఆ ఒక్క లైనుతో సహా.

మర్నాడు మధ్యాహ్నం వొయిన్ గంట కొట్టాడు. చేతిలో కాఫీ పొట్లం, మొహాన నవ్వు.

"ఇంట్లో మాట వీధిలో పెట్టావేం కుమా?"

"నువ్వు తీసిందీ వీధిలోనే కదా కుమ్. చెప్పులు అక్కడ విడిచి రా."

దేసాంకా మురిసిపోతూ కుర్చీ వేసింది. నెబోయ్షా గ్లాసులు తెచ్చాడు. వొయిన్ గ్లాసు తిప్పుతూ అన్నాడు, "ఎప్పటి సంగతి అది! తాగి ఉన్నాను."

"గుర్తుంది. మా సీసాయే."

"సరే, ఒక దారి చెప్తాను. నేనే కొత్తగా రాస్తా, నీ గుంజ కన్నా అందంగా. కింద 'లోపం చూపించినది బిల్యానా' అని వేస్తాను. పండుగ అయ్యాక మీ మేనేజరుతో మాట్లాడి నిన్ను మళ్ళీ రాసే పనిలో పెట్టిస్తా. ఏమంటావు?"

"మళ్ళీ అంటున్నావు. ఊడబెరికింది ఎవరు?"

"బిల్యా..." అన్నాడు నెబోయ్షా.

"సంతకం పెట్టు కుమ్. నేను పంపింది పంపినట్టు. పండుగ రోజు రొట్టె పట్టుకుని, అప్పుడు నవ్వినవాళ్ళ ముందు, గుంజ అవసరమేనని ఒక్క ముక్క చెప్పు. నాకు ఇంకేం వద్దు."

వొయిన్ పకపకా నవ్వాడు. "మా కుమాకి నాటకాలు ఇష్టం. అమ్మా, గోధుమల్లో ఈసారి వాల్‌నట్లు ఎక్కువ వెయ్యి" అని దేసాంకా చేతిని ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సంతకం పెట్టలేదు. కాదని కూడా రాయలేదు. ఊరికే కూర్చున్నాడు. అక్కడ కాపలాదారు ఊరికే కూర్చుంటే సవరణ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.

"ఆ ఒక్క లైను తీసేస్తే ఏం పోతుంది?" అన్నాడు నెబోయ్షా, కొన్నాళ్ళు చూసి. "వాడు రేపే సంతకం పెడతాడు. అందరి పెట్టెలూ బాగవుతాయి. అమ్మకి మాత్రలు దొరుకుతాయి. నువ్వు మొండికేస్తే బాధపడేది వరసలో నిలబడ్డవాళ్ళు."

ఆ మాట సూటిగా తగిలింది. బిల్యానా గిన్నెలన్నీ తోమింది.

"నువ్వూ నవ్వావు నెబోయ్షా" అంది చివరికి.

అతను తువ్వాలు వెతుక్కోవడానికి వెళ్ళాడు. తువ్వాలు అతని భుజం మీదే ఉంది.

మర్నాడు బిల్యానా పరీక్షల గదిలో తన సవరణ వేసి ఉన్న పెట్టెని మేనేజరుతో చెప్పి బయటికి తీసుకుంది. దాన్ని చంకలో పెట్టుకుని ఫార్మసీకి వెళ్ళి, స్టూలెక్కి పాతది విప్పి కొత్తది బిగించింది. బయటి లైను తనే పీకింది. దీపం పసుపు రంగుకి మారింది కానీ పెట్టె బిగుసుకోలేదు. లైను మళ్ళీ పెట్టగానే పచ్చ వెలిగింది. ల్యూబింకా ఇంకోసారి పీకమంది. మళ్ళీ పచ్చ. ఆమె చప్పట్లు కొట్టింది. ముసలాయన టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

అప్పుడే చేతిసంచీతో వచ్చిన దేసాంకాని చూసి ల్యూబింకా కేకేసింది. "రండి రండి! మీ కోడలు బాగు చేసేసింది. ఇన్నాళ్ళూ కుమ్ కుమ్ అన్నారు!"

దేసాంకా మాత్రలు సంచీలో వేసుకుంది. ఇద్దరూ సగం దారి నడిచారు. తర్వాత, "అమ్మాయ్, ఇంతకీ అది పాడు చేసిందెవరు?" అని అడిగింది.

"కుమ్."

"తెలిసేనా?"

"పాడవుతుందని తెలియకుండానే. నన్ను చూసి జనం నవ్వాలని మాత్రం తెలిసే చేశాడు."

"ఆ రోజు పళ్ళెం ఎందుకు దించలేదా అనుకున్నాను" అంది దేసాంకా.

ఆ రాసేవాళ్ళ ఆచారంలో ఇంకో లైను కూడా ఉంది. సవరణని నిజంగా వాడి చూసినవాళ్ళ పేరు అడిగి రాసుకుంటారు. బిల్యానా ల్యూబింకాని అడిగి, "వాడి చూసినది: ల్యూబింకా, ఫార్మసీ, నోవీ సాద్" అని చేర్చి మళ్ళీ పంపింది. ఇప్పుడు ఆమెకి తొందర లేదు. ల్యూబింకా వరస కదిలింది. ఇక వొయిన్ ఎన్నాళ్ళు కూర్చుంటే అన్నాళ్ళు అందరి ముందూ కూర్చుంటాడు. బల్గేరియా నుంచి ఒకాయన, మా బస్సుల్లో కూడా ఇదే బాధ, ఈ సవరణ ఎందుకు ఆగింది అని అడిగాడు. మర్నాడు ఇంకో ఇద్దరు. ఆమె రోజూ కాఫీ పెట్టుకుని ఆ ప్రశ్నలు చదువుకుంటోంది, వరసగా బిస్కట్లు తిన్నట్టు ఒకటొకటిగా. చివరికి పోర్తో నుంచి తెరేజా రాసింది. నెట్‌వర్క్ కోడ్ అంతటికీ పెద్ద ఆవిడ. "వొయిన్, ఈ సవరణలో తప్పేమిటి? పాత పరీక్షని తీసేసినప్పుడు ఇంకెవరు చూశారు?" అని అందరికీ కనబడేలా అడిగింది. వొయిన్ జవాబివ్వలేదు. స్లావా రోజు పొద్దున తెరేజాయే అతన్ని దాటి సంతకం పెట్టేసింది. ఆ ఒక్క లైను అలాగే ఉంది. కాసేపటికి ఆవిడ బిల్యానాకి విడిగా ఒక మెయిల్ రాసింది. కొవ్వొత్తి కోసం ఇసుక గిన్నెలో పోస్తూ బిల్యానా దాన్ని చదివింది. చెయ్యి తుడుచుకుని ఒక్క వాక్యంలో జవాబిచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. వొయిన్ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే, ఎప్పటిలాగే. వైను సీసా, దేసాంకాకి పూలు. గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చే ప్రతి అతిథికీ ముందు ఇచ్చే గోధుమల చెంచా కోసం చెయ్యి చాపాడు.

దేసాంకా పూలు అందుకుంది. "గోధుమలు లేవు నాయనా. దేవదూత బతికే ఉన్నాడు."

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాంతోనే కోటు గుండీలు విప్పుకున్నాడు.

బల్ల చుట్టూ కూర్చున్నారు. నెబోయ్షా, వొయిన్ చెరో వైపు పట్టుకుని రొట్టెని తిప్పి విరిచారు, దాని మీద వైను పోశారు. మేనమామ మూతి తుడుచుకుని, ఏటా అడిగే మాట తీశాడు. "ఏం కుమ్, ఈ ఏడు ఏ గుంజ పీకావు?"

అలవాటుగా నవ్వడానికి అందరి మొహాలూ సిద్ధమయ్యాయి. వొయిన్ గ్లాసు ఎత్తాడు. "ఈ ఏడు నేను కాదు. కుమాయే నా గోడ కూల్చింది" అన్నాడు. మేనమామ ఒక్కడే నవ్వాడు. నెబోయ్షా నవ్వలేదు.

"గోడ ఎప్పుడో కూలింది, మామయ్యా" అన్నాడు ప్లేటు వైపు చూస్తూ. "గుంజ పీకినందుకే."

మేనమామకి అర్థం కాక దేసాంకా వైపు చూశాడు. దేసాంకా ఉప్పు అటు జరిపింది.

నెబోయ్షా భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "బిల్యా, పండుగ పూట కుమ్ సంబంధం మాత్రం తెంచకు. అమ్మ తట్టుకోలేదు."

బిల్యానా సార్మా పళ్ళెం తెచ్చి, ఈసారి బల్ల మధ్యలో దించింది.

"తెంచుకోవడం ఎందుకు? కుమ్ కుమే. ఏటేటా రావాలి, ఈ కుర్చీలోనే కూర్చోవాలి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు పెరగలేదు. చివర్లో కూర్చున్నవాళ్ళు వినడానికి ముందుకి వంగాల్సి వచ్చింది. "ఇంట్లో అందరూ ఉన్నారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. పాకెట్ల దారుల భాగానికి కాపలాగా ఉండమని తెరేజా నన్ను అడిగింది. పొద్దున సరే అన్నాను. రేపటి నుంచి కుమ్ ఏది రాసినా నా దగ్గరికి వస్తుంది. ప్రతి లైనూ చదివి, సంతకం పెట్టాలో వద్దో నేను చూస్తాను."